యాత్ర ముగిశాక ఫొటోలు మిగలాలంటే

ఈ మధ్య ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఏ కెమెరా కొనాలని అడిగినవాటికన్నా, తీసుకువచ్చిన ఫొటోలు ఏమైపోతాయోనన్న దిగులుతో రాసినవే ఎక్కువగా ఉన్నాయి. అందుకే ఈసారి పుటలన్నీ మెమరీ కార్డులకూ, యాత్రల్లో తీసిన ఫొటోలను దాచుకునే పద్ధతులకూ కేటాయిస్తున్నాను.

ప్రశ్న: వచ్చే నెలలో అమ్మానాన్నలను తీసుకుని పది రోజులపాటు కాశీ, గయ, ప్రయాగ యాత్రకు వెళుతున్నాను. ఇందుకోసమే 24 మెగాపిక్సెళ్ల మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. కార్డు కోసం వెళితే దుకాణంలో 256 జీబీ కార్డు ఒక్కటి తీసుకుంటే చాలన్నారు. దాని మీద ఉన్న గుర్తులేవీ నాకు అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ వెంట తీసుకువెళ్లే ఉద్దేశం లేదు. ఏ కార్డు కొనాలి, ఏ రోజు ఫొటోలు ఆ రోజు ఎలా భద్రపరచుకోవాలి?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా మీకు ఎంత చోటు కావాలో లెక్క వేద్దాం. మీ కెమెరాలో జేపెగ్ ఫొటో, అంటే కెమెరా కుదించి దాచే మామూలు ఫొటో, ఒక్కొక్కటి సుమారు 10 ఎంబీ ఉంటుంది. రోజుకు 300 ఫొటోలు తీస్తారనుకుంటే 3 జీబీ, పది రోజులకు 30 జీబీ అవుతుంది. వీడియో దగ్గరే లెక్క మారిపోతుంది. ఫోర్‌కే వీడియోను చాలా కెమెరాలు సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి అది సెకనుకు 12.5 ఎంబీ, నిమిషానికి 750 ఎంబీ. రోజుకు పది నిమిషాలు తీస్తే పది రోజులకు 75 జీబీ. రెండూ కలిపితే 105 జీబీ. కాబట్టి 64 జీబీ కార్డులు మూడు ఉంటే, ఇంకాస్త చోటు మిగిలేలాగే మీ యాత్ర గడిచిపోతుంది. రా ఫైళ్లు, అంటే కెమెరా దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచే పెద్ద ఫైళ్లు, కూడా తీసే అలవాటుంటే ఫొటోల లెక్కను మూడు నాలుగు రెట్లు పెంచుకుని, మూడు 128 జీబీ కార్డులు తీసుకోండి.

దుకాణంలో చెప్పినట్టు ఒక్క పెద్ద కార్డు తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. పోయినా, పాడైనా పది రోజుల యాత్ర మొత్తం ఒక్కసారిగా పోతుంది. అలాగని పదేసి చిన్న కార్డులు పెట్టుకుని గంటకొకటి మార్చడమూ మంచిది కాదు. గోరంత వస్తువు, జనసమ్మర్దంలో చేతిలోంచి జారితే దొరకదు. మూడు నాలుగు రోజులకొక కార్డు చొప్పున వాడుకోవడం నా అనుభవంలో సరిగ్గా సరిపోయింది.

ఇక గుర్తుల సంగతి. కార్డు మీద పెద్ద అక్షరాలతో 150, 200 అని అచ్చువేసే అంకె సాధారణంగా చదివే వేగం, అంటే కార్డులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేటప్పుడు ఉండే వేగం. ఫొటో తీసేటప్పుడు మీకు కావలసింది రాసే వేగం. దానికి హామీ ఇచ్చేవి పక్కన ఉండే చిన్న గుర్తులు. సీ అక్షరంలో 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ, యూ అక్షరంలో 1 ఉన్నా అంతే, 3 ఉంటే 30 ఎంబీ. వీ అక్షరం పక్కన 30 ఉంటే 30, 60 ఉంటే 60, 90 ఉంటే 90 ఎంబీ. మీ ఫోర్‌కే వీడియోకు కావలసింది 12.5 ఎంబీ కాబట్టి వీ30 గుర్తు ఉన్న కార్డు నిశ్చింతగా సరిపోతుంది. వీ90కి పెట్టే అదనపు సొమ్ము మీ విషయంలో వృథా. కార్డు వెనుక రెండో వరుస ఇత్తడి రంగు పట్టీలు కనిపిస్తే అది యూహెచ్‌ఎస్-2 రకం. మీ కెమెరాలో ఆ ఏర్పాటు లేకపోతే ఆ కార్డు కూడా మామూలు కార్డులాగే పనిచేస్తుంది తప్ప ఎక్కువ వేగం రాదు. ఏ1, ఏ2 అనే గుర్తులు ఫోన్లలో యాప్‌లు నడపడానికి సంబంధించినవి, కెమెరాకు వాటితో పని లేదు.

ఇది చదివే ఇతర పాఠకుల కోసం ఒక మాట. ఇంట్లో ఉన్నది పదిహేనేళ్ల కిందటి కెమెరా అయితే 32 జీబీకి మించిన కార్డు కొనేముందు దాని పుస్తకం చూడండి. 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, ఆ పైన 2 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ) వరకు ఎస్‌డీఎక్స్‌సీ అంటారు. పాత కెమెరాలు కొన్ని ఈ రెండో రకాన్ని గుర్తించవు.

ల్యాప్‌టాప్ లేకుండా ఫొటోలకు మరో ప్రతి తీసుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. టైప్-సీ కార్డ్ రీడర్ ఒకటి, 500 జీబీ లేదా 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (ఫోనుకో కంప్యూటర్‌కో తగిలించి ఫైళ్లు దాచుకునే చిన్న సాధనం) ఒకటి కొనండి. రాత్రి బసకు చేరాక కార్డ్ రీడర్‌ను ఫోనుకు తగిలించి ఆ రోజు ఫొటోలను ఫోనులోకి, ఫోను నుంచి ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయండి. రెండింటినీ ఒకేసారి తగిలించే హబ్ ఉంటే పని ఇంకా తేలిక, కానీ కొన్ని ఫోన్లు అంత విద్యుత్తు అందించలేవు కాబట్టి ఇంటి దగ్గరే ఒకసారి ప్రయత్నించి చూసుకుని బయలుదేరండి. వైఫై ద్వారా ఫోనుకు పంపే కెమెరా యాప్‌ను ఇందుకు నమ్ముకోవద్దు. ఆ యాప్‌లలో కొన్ని, మనం ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప, 2 మెగాపిక్సెళ్లకు కుదించిన ఫొటోనే పంపుతాయి. కాపీ అయ్యాక ఎస్‌ఎస్‌డీలోని ఫొటోలు నాలుగైదు తెరిచి, పెద్దవి చేసి చూడండి. ఫైళ్ల పేర్లు కనిపించినంత మాత్రాన ఫొటోలు ఉన్నట్టు కాదు. అన్నీ సరిగ్గా ఉన్నా, ఇల్లు చేరేదాకా కార్డులోవి చెరపవద్దు. ఎస్‌ఎస్‌డీ ఒక సంచిలో, కార్డులు మరొకరి సంచిలో ఉండాలి. రెండూ ఒకే సంచిలో ఉంటే, ఆ సంచి పోయిన రోజున రెండు ప్రతులున్నా ఒకటీ లేనట్టే.

దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం గంగా హారతిని మీరు ఫొటోలు తీస్తారు కాబట్టి ఇదీ చెప్పాలి. దీపాలు పైకి లేచే క్షణంలో ఎవరైనా వేలు తీయకుండా ముప్పై నలభై ఫొటోలు వరసగా తీసేస్తారు. తీయడం ఆగినా కెమెరా వెనుక చిన్న ఎర్రదీపం ఇంకా మిణుకుమంటూనే ఉంటుంది. లోపల నిలిచిన ఫొటోలు అప్పుడు కార్డులోకి దిగుతుంటాయి. బ్యాటరీ అయిపోవస్తోందన్న తొందరలో ఆ దీపం ఆరకముందే కింది మూత తెరిచారంటే ఆ కొన్ని ఫొటోలే కాక, కార్డులో ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా చెడిపోయి, అంతకుముందు తీసినవీ కనిపించకుండా పోవచ్చు. దీపం పూర్తిగా ఆరేదాకా మూత మీద చేయి వేయకండి.

ప్రశ్న: పండుగ తగ్గింపులో 1 టీబీ కార్డు ఆరు వందల రూపాయలకు వచ్చిందని మా అబ్బాయి కొన్నాడు. హంపి వెళ్లినప్పుడు మొదట తీసిన ఫొటోలు బాగానే ఉన్నాయి. తర్వాతి వాటిలో కొన్ని సగం బూడిదరంగులో ఉన్నాయి, కొన్ని అసలు తెరుచుకోవడం లేదు. కెమెరా చెడిపోయిందా? మా పాత 64 జీబీ కార్డు కూడా కంప్యూటర్‌లో 59.6 అని చూపిస్తోంది. అదీ నకిలీయేనా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ కెమెరా బాగానే ఉంది. కార్డు నకిలీది. మెమరీ కార్డులో నిల్వ చేసే చిప్‌తోపాటు, తనలో ఎంత చోటుందో కెమెరాకు చెప్పే మరో చిన్న చిప్ ఉంటుంది. నకిలీ తయారీదార్లు పదహారో ముప్పైరెండో జీబీల చిప్ పెట్టి, ఆ చెప్పే చిప్ చేత 1 టీబీ అని అబద్ధం చెప్పిస్తారు. నిజంగా ఉన్న చోటు నిండేదాకా అంతా సవ్యంగా జరుగుతుంది. ఆ తర్వాత తీసినవి పాతవాటి మీద పడి వాటిని చెరుపుతాయి, లేదా ఎక్కడా రాయబడకుండానే పోతాయి. పేర్లు మాత్రం జాబితాలో కనిపిస్తూనే ఉంటాయి. అందుకే మొదటి ఫొటోలు మిగిలాయి, తర్వాతివి పోయాయి. అలా పోయినవి ఏ పరికరమూ తిరిగి ఇవ్వలేదని చెప్పడానికి నాకూ బాధగానే ఉంది, ఎందుకంటే అవి కార్డులో అసలు లేవు. తెరుచుకునే ఫొటోలను వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, ఆ కార్డును విరిచి పారేయండి. ఇంకొకరి చేతికి చేరకూడదు.

ఇకమీదట ఏ కార్డు కొన్నా, యాత్రకు ముందే పరీక్షించండి. విండోస్ కంప్యూటర్లకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్ కంప్యూటర్లకు ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఇవి కార్డును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నింపి, నింపినదాన్ని తిరిగి చదివి, ఎక్కడ తేడా వచ్చిందో చెబుతాయి. పెద్ద కార్డుకు కొన్ని గంటలు పడుతుంది. రాత్రి పడుకునేముందు మొదలుపెడితే తెల్లవారేసరికి తేలిపోతుంది. ఫలితం తేడాగా వస్తే వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయవచ్చు.

మీ 64 జీబీ కార్డు గురించి అనుమానం అక్కర్లేదు. కార్డు చేసేవారు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ కంప్యూటర్ 107 కోట్ల చిల్లర బైట్లకు ఒక జీబీ అంటుంది. 6,400 కోట్ల బైట్లను ఆ లెక్కన భాగిస్తే వచ్చేది 59.6. కొలిచే గిద్దె మారింది, గింజలు తగ్గలేదు.

ప్రశ్న: అరకు నుంచి తిరిగి వచ్చాక కార్డును కంప్యూటర్‌లో పెడితే ‘వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలి’ అంటోంది. భయపడి అలాగే తీసేశాను. ఫొటోలు దక్కే దారి ఉందా?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: భయపడి తీసేయడమే మీరు చేసిన మంచి పని. ఇదే పరిస్థితిలో నేను చేసిన పొరపాటు చెబుతాను. కొన్నేళ్ల కిందట మా నాయనమ్మను అన్నవరం తీసుకువెళ్లాం. కొండ దిగాక పంపా నది వైపు చూస్తూ, పట్టుచీర కొంగు నెత్తి మీదికి లాక్కుని నిలబడిన ఆవిడను తీశాను. ఇంటికొచ్చాక కార్డు తెరుచుకోలేదు. బజారులో ఒక దుకాణంలో ఇస్తే, అరగంటలో ‘పనిచేస్తోంది సార్’ అని చేతికిచ్చారు. ఫార్మాట్ చేసి, అంటే కార్డును ఖాళీ చేసి ఇచ్చారు. దాన్ని నిజంగా బాగైందనుకుని నేను అదే రోజు ఇంట్లో ఒక పుట్టినరోజు ఫొటోలు దాని మీదే తీశాను. ఫార్మాట్ తర్వాత కూడా చాలావరకు దక్కి ఉండేవన్న సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. నాయనమ్మ మరుసటి ఏడాది పోయారు.

కార్డులో ఫొటోను చెరిపినా, కార్డును ఫార్మాట్ చేసినా సాధారణంగా పోయేది ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టికే. ఫొటో ఉన్నచోటే ఉంటుంది, దాని మీద మరొకటి రాసేదాకా. కాబట్టి ఆ కార్డుతో ఇక ఒక్క ఫొటో కూడా తీయకండి. పెద్ద ఎస్‌డీ కార్డయితే ఎడమ అంచున ఉండే చిన్న మీటను తాళం గుర్తు వైపు జరపండి. మైక్రో ఎస్‌డీ అయితే దాని అడాప్టర్‌కు ఆ మీట ఉంటుంది. తర్వాత వేరే కార్డ్ రీడర్‌లో, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. తప్పు కార్డుది కాక, అరిగిపోయిన రీడర్‌దో వదులైన అడాప్టర్‌దో కావడం తరచుగా జరుగుతుంది. అప్పటికీ తెరుచుకోకపోతే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది చెడిన పట్టికను పట్టించుకోకుండా, ప్రతి జేపెగ్ ఫైలు మొదట్లో ఉండే గుర్తులను వెతుక్కుంటూ ఫొటోలను బయటకు తీస్తుంది. పేర్లు మారిపోతాయి, కానీ బొమ్మలు వస్తాయి. తీసినవాటిని కంప్యూటర్‌లో దాచండి. పొరపాటున కూడా అదే కార్డులో దాచవద్దు. వీలైతే కార్డు మొత్తానికీ ముందుగా ఒక నకలు తీసి, ఆ నకలు మీదే ఈ పని చేయడం ఇంకా క్షేమం.

కార్డును పెట్టినప్పుడు కంప్యూటర్ అసలు గుర్తించకపోయినా, కార్డు వేడెక్కుతున్నా ఇంట్లో ప్రయోగాలు ఆపేయండి. అది డేటా రికవరీ ప్రయోగశాలలకే వదిలేయవలసిన పని. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఫలితం ఖాయం కాదు. ఎవరికి ఇచ్చినా ‘కార్డు బాగుచేయవద్దు, ఫొటోలు తీసివ్వండి’ అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఒకసారి ఇలా మొండికేసిన కార్డును, ఫొటోలు దక్కాక మళ్లీ వాడవద్దు.

ఇది ఫోనులో పెట్టిన కార్డే అయితే ఒక తేడా ఉంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కార్డును ఫోను సొంత నిల్వలో భాగంగా మార్చుకునే వీలుంది. అలా మార్చిన కార్డులోని సమాచారం ఆ ఫోనుకు మాత్రమే తెలిసిన సంకేతంలో ఉంటుంది కాబట్టి బయట ఎక్కడా తెరుచుకోదు. అది చెడిపోవడం కాదు. తిరిగి అదే ఫోనులో పెట్టి చూడండి.

ప్రశ్న: విమానంలో లేహ్ వెళుతున్నాం. విమానాశ్రయంలో ఎక్స్‌రే వల్ల కార్డులోని ఫొటోలు పోతాయా? అక్కడి చలికి కార్డు పాడవుతుందా? ఫొటోలు ఏ రోజువి ఆ రోజు క్లౌడ్‌లోకి (ఇంటర్నెట్‌లో దాచుకునే చోటికి) పంపేద్దామనుకుంటున్నాం.
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎక్స్‌రే వల్ల మెమరీ కార్డుకు ఏమీ కాదు. ఆ భయం ఫిల్ము రోజుల నుంచి మిగిలింది, ఫిల్ముకు ఇప్పటికీ అది నిజమే. మామూలు కార్డులు సున్నాకు 25 డిగ్రీల దిగువ నుంచి 85 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి. చలికి ముందు సొమ్మసిల్లేది బ్యాటరీయే, దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. కార్డులు, బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉంచుకోండి. పవర్ బ్యాంకును లోడింగ్‌కు ఇచ్చే పెట్టెలో పెట్టనివ్వరు కూడా.

క్లౌడ్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అది ఉన్నా లేహ్ పట్టణం దాటితే సిగ్నల్ నిలకడగా ఉండదు. పైన గుంటూరు పాఠకురాలికి చెప్పిన ఎస్‌ఎస్‌డీ పద్ధతే మీకూ తగినది.

ప్రశ్న: నాకు డెబ్బై ఏళ్లు. 2015 గోదావరి పుష్కరాల్లో మా అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిసి కోటిలింగాల రేవులో స్నానం చేసినప్పటి ఫొటోలు కొన్ని డీవీడీల్లో, కొన్ని పాత మెమరీ కార్డులో, మరికొన్ని వాట్సాప్‌లో ఉన్నాయి. ఆ ఫొటోల్లో ఉన్నవారిలో ముగ్గురు ఇప్పుడు లేరు. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. ఈలోగా వీటన్నిటినీ ఒకచోట చేర్చి మనవల దాకా ఉండేలా దాచాలని ఉంది. అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి డాలస్‌లో ఉన్నారు.
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అయ్యా, ఈ పని 2027 దాకా ఆపకుండా ఈ వారమే మొదలుపెట్టండి. మెమరీ కార్డు ఫొటోలను దాచేది సూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుదావేశం రూపంలో. వాడకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతుంది, మన ఎండలకు ఇంకాస్త త్వరగా. పెన్ డ్రైవ్‌లదీ, ఎస్‌ఎస్‌డీలదీ అదే స్వభావం. ఇవన్నీ ప్రయాణానికి పనికొచ్చే పాత్రలే గాని, తరాలకు దాచే గాదెలు కావు. ఇంట్లో రాసుకునే డీవీడీల్లో రంగు పూత వెలిసిపోతుంది. పైగా వాటిని చదివే డ్రైవ్ కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండటం లేదు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి తెప్పించి, ముందు వాటినే ఖాళీ చేయండి.

వాట్సాప్‌లో ఉన్నవాటి గురించి ఒక హెచ్చరిక. ఫొటోగా పంపినప్పుడు వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. తీసిన తేదీ, వేళ వంటి వివరాలు కూడా ఫైలులోంచి పోతాయి. అసలు ఫొటో ఎవరి ఫోనులోనో కెమెరాలోనో ఉంటే వారిని అడిగి, డాక్యుమెంట్ రూపంలో పంపమనండి. అప్పుడు ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. అసలు దొరకనప్పుడు మాత్రం కుదించినదైనా దాచండి.

అన్నిటినీ ఒకచోట చేర్చేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. కెమెరాలు ఫొటోలకు పేరు కాక అంకె వేస్తాయి. చాలా కెమెరాల్లో ఆ అంకె 9999 దాటగానే మళ్లీ 0001కి వస్తుంది. మీ తమ్ముడుగారిదీ అదే కంపెనీ కెమెరా అయితే ఆయన ఫొటోకూ మీ ఫొటోకూ ఒకే పేరు ఉండవచ్చు. రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో వేసినప్పుడు కంప్యూటర్ ‘పాతదాని స్థానంలో దీన్ని ఉంచనా’ అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే సరేనంటారు, ఆ క్షణంలో ఒక ఫొటో పోతుంది. అందువల్ల ఎవరి కార్డుకు వారి పేరుతో విడి ఫోల్డర్ పెట్టండి. ఫోల్డర్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ రాయండి. ‘2015-07 పుష్కరాలు, కోటిలింగాల రేవు, చిన్నతమ్ముడి కెమెరా’ అన్నట్టుగా. సంవత్సరం ముందుంటే కంప్యూటర్ వాటిని కాలక్రమంలోనే పేర్చుతుంది.

పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్కను ప్రపంచమంతటా ఈ రంగంలో పాటిస్తున్నారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. మీ కుటుంబానికి ఇది అతికినట్టు సరిపోతుంది. మామూలు హార్డ్ డిస్కులు రెండు, వేర్వేరు కంపెనీలవి కొనండి. ఒకేసారి తయారైనవి ఒకే కాలంలో చెడిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త. ఒకటి మీ దగ్గర, రెండోది హైదరాబాదులో అబ్బాయి దగ్గర ఉంచండి. గోదావరికి వరద వచ్చినా, ఇంట్లో దొంగలు పడినా ఒకటి మిగులుతుంది. హార్డ్ డిస్కు లోపల పలక తిరుగుతుంటుంది, నడుస్తున్నప్పుడు కింద పడితే పనికిరాకుండా పోతుంది. బల్ల మీద అంచుకు దూరంగా పెట్టి, తీసేముందు కంప్యూటర్‌కు చెప్పి తీయండి.

మూడో ప్రతి క్లౌడ్‌లో పెడితే డాలస్‌లో ఉన్న అమ్మాయి కూడా చూసుకోగలుగుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్ కూడా ఇమడాలి. ఫొటోలకు లెక్క లేకుండా చోటిచ్చే పద్ధతి 2021 జూన్ 1తో ముగిసింది కాబట్టి నెలకు కొంత చెల్లించి చోటు కొనుక్కోవలసి రావచ్చు. ఫొటోలను ఎక్కించేటప్పుడు కుదించే పద్ధతి కాక, అసలు నాణ్యతతో ఉంచే పద్ధతి ఎంచుకోండి. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఫోనూ క్లౌడూ జతపడి ఉన్నప్పుడు, చోటు కోసమని ఫొటోల యాప్‌లోంచి చెరిపితే అది క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. ఇక, రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. ఖాతా పాస్‌వర్డ్ మీకొక్కరికే కాక అబ్బాయికీ, అమ్మాయికీ తెలిసి ఉండాలి.

ఈ యంత్రాల పనంతా మీ మనవలు చేయగలరు. మీరు మాత్రమే చేయగలిగింది ఒకటుంది. ప్రతి ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు పెట్టి, ఏ ఫొటోలో ఎవరెవరున్నారో, ఎడమ నుంచి వరసగా, ఎవరు ఎవరికి ఏమవుతారో రాయించండి. తడిబట్టలతో మెట్ల మీద నిలబడిన పదిహేనుమందిలో మీ పెద్దన్నయ్యగారు ఎవరో ఇరవై ఏళ్ల తర్వాత చెప్పేవారు ఉండకపోవచ్చు. టైపు చేయడం కష్టమైతే ఫోనులో మాట్లాడి రికార్డు చేసి, ఆ రికార్డింగును కూడా అక్కడే ఉంచండి. సంక్రాంతికి అబ్బాయి వచ్చేటప్పుడు తన దగ్గరున్న హార్డ్ డిస్కు తెమ్మనండి. ఆ ఏడాది కొత్త ఫొటోలు రెండింటిలోనూ చేర్చి, పాతవి ఓ పది తెరిచి చూసి, ఆరేడేళ్లు దాటిన డిస్కు ఉంటే కొత్తదానిలోకి మార్చి, తిరుగు ప్రయాణంలో ఒకటి అతని చేతికిచ్చి పంపండి.